దుమ్ము మీద దండయాత్ర

సోఫాల మేస్త్రిని ఆ వీధిలో అందరూ ఉడుం మేస్త్రి అనేవారు. దేన్నయినా ఒకసారి పట్టుకున్నాడంటే వదలడు మరి. స్ప్రింగులు బయటికి పొడుచుకొచ్చి, లోపల ఎలుకలు కాపురం పెట్టిన సోఫాని తెచ్చి పడేసినా సరే, "ఇది పనికిరాదు" అనే మాట ఆయన నోట రాదు. ఆ నోట వేరే మాటలు కూడా పెద్దగా రావు. పని చేస్తున్నంతసేపూ దాని నిండా మేకులే.

సోఫా పనివాళ్ళ పద్ధతే అంత. గుప్పెడు చిన్నమేకులు బుగ్గలో వేసుకుని, నాలుకతో ఒక్కొక్కదాన్నీ తిప్పి, తల ముందుకొచ్చేలా పెదాల మధ్యకు తోస్తారు. సుత్తికి ఒక కొస అయస్కాంతం. దాన్ని పెదాల దగ్గరికి తెస్తే మేకు టక్కున అతుక్కుంటుంది. ఎడమచేత్తో బట్టని బిగలాగి పట్టుకుని, కుడిచేత్తో దెబ్బ వేస్తారు. మళ్ళీ పెదాలు, మళ్ళీ సుత్తి. రెండు చేతులూ ఖాళీలేనప్పుడు నోరే మూడో చెయ్యి. కొత్తగా చూసినవాళ్ళకి ఒళ్ళు జలదరిస్తుంది. మేస్త్రి మాత్రం ఆ మేకుల మధ్యలోంచే కూనిరాగం కూడా తీస్తాడు.

ఇంటి ముందుగదే పనిగది. వెనక రెండు గదుల్లో ఆయన, భార్య, తల్లి, ఐదేళ్ళ కూతురు. కూతురు పొద్దస్తమానం తండ్రి పక్కన చిన్నపీట వేసుకుని కూర్చుని, "నాన్నా, ఇక్కడ ముడత వచ్చింది" అంటూ తప్పులు పడుతుంటుంది కాబట్టి వీధివాళ్ళు దానికి చిట్టిమేస్త్రి అని పేరు పెట్టారు.

మేకుల విషయంలో మేస్త్రి మహా నిక్కచ్చి. మూత బిగించిన డబ్బా ఎత్తు అల్మారాలో ఉంటుంది. సాయంత్రం పని ముగించాక అయస్కాంతంతో నేలంతా దువ్వందే లోపలికి వెళ్ళడు. పిల్ల నడక నేర్చినప్పుడు ఒకే ఒక్కసారి మేకు పట్టుకుంటే, ఆయన వేసిన కేకకి వీధంతా బయటికొచ్చింది. ఆ దెబ్బతో పిల్లకి బుద్ధొచ్చేసింది. నేలమీద మేకు కనిపిస్తే ఆమడ దూరం జరిగి, "నాన్నా, మేకు!" అని పిలుస్తుంది. ఈ కథని మేస్త్రి సోఫా బాగుచేయించుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పి మురిసిపోయేవాడు. వినేవాడికి ఓపిక ఉందా లేదా అన్నది ఆయన ఎప్పుడూ పట్టించుకోలేదు.

అలాంటి పిల్లకి దగ్గు పట్టుకుంది. మూడు రోజుల్లో పోతుందిలే అనుకున్న దగ్గు పోలేదు సరికదా, ఊపిరి వదిలినప్పుడల్లా సన్నగా ఈలలాంటి చప్పుడు మొదలైంది.

"పిల్లికూతలురా అవి," అంది మేస్త్రి తల్లి, మనవరాలి వీపు నిమురుతూ. "మీ నాన్నకీ ఉండేవి. ముందు ఆ పిల్లిని బయటికి తోలు."

"పిల్లి ఏం చేసింది అత్తయ్యా?" అంది కోడలు.

"పిల్లికూతలన్నాక పిల్లి కాకపోతే కుక్కా?"

ఈ వైద్యం వినేసి మేస్త్రి పిల్లని భుజాన వేసుకుని రెండు వీధుల అవతల ఉన్న డాక్టరమ్మ దగ్గరికి నడిచాడు. భార్య వెనకే వచ్చింది.

డాక్టరమ్మ నిదానస్తురాలు. గొట్టం పెట్టి ముందూ వెనకా విన్నది. పిల్లని గట్టిగా ఊదమంది. "ఈ వయసులో పిల్లికూతలంటే ఎక్కువసార్లు జలుబేనండీ," అంది. "జలుబు ఊపిరిగొట్టాల్లోకి దిగి లోపల వాస్తుంది, దారి ఇరుకైపోయి ఊపిరి ఈల వేస్తుంది. కొంతమందికి ఉబ్బసం ఉంటుంది. దుమ్మో, పొగో, జంతువుల బొచ్చో, ఏది పడకపోతే అది దాన్ని రేపుతుంది. కొందరికి కడుపులో పులుపు పైకి తన్నుకొచ్చినా వస్తుంది. ఎప్పుడో అరుదుగా, నోట్లో పెట్టుకున్నదేదైనా ఊపిరిగొట్టంలోకి జారిపోయినా వస్తుంది. అందుకే అందర్నీ అడుగుతాను. ఈమధ్య పిల్లకి పొలమారిందా? ఏదైనా నోట్లో పెట్టుకుని ఉక్కిరిబిక్కిరైందా?"

"మొన్నామధ్య ఒకరోజు..." అని భార్య ఏదో చెప్పబోయింది.

"మా పిల్ల నోట్లో ఏమీ పెట్టుకోదండీ!" అన్నాడు మేస్త్రి. ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. "మేకుల మధ్య పెరిగిన పిల్ల. మేకు కనిపిస్తే నన్ను పిలుస్తుందే తప్ప వేలితో కూడా తాకదు. కావాలంటే మా వీధిలో ఎవర్నైనా అడగండి. ఏమ్మా, పెట్టుకుంటావా?"

పిల్ల తండ్రి మొహంలోకి చూసి, లేదని తల అడ్డంగా ఊపింది. భార్య నోరు మూసుకుంది. డాక్టరమ్మ పీల్చే మందు రాసి, ముక్కూ నోరూ కప్పే గొట్టంతో దాన్ని ఎలా ఇవ్వాలో చేసి చూపించింది. తగ్గకపోతే వెంటనే తీసుకురమ్మంది.

ఆవిడ అన్ని కారణాలు చెప్పిందా, మేస్త్రి చెవికెక్కింది మాత్రం ఒక్కటే. దుమ్ము. ఎక్కకేం చేస్తుంది? పాతసోఫా విప్పితే గుప్పుమని లేచేది అదే కదా. నా పనే నా పిల్ల ఊపిరి తీస్తోందన్నమాట అనుకున్నాడు. ఆ క్షణాన దుమ్ము మీద పగబట్టాడు.

ఇక చూడాలి ఆ ఇంటి అవస్థ. కర్టెన్లు ఊడిపోయాయి. చాపలూ తివాచీలూ పక్కింటికి వెళ్ళిపోయాయి. దిండ్లకి రెగ్జిన్ తొడుగులు కుట్టి బిగించేశాడు. వాటి మీద తల పెడితే జర్రున జారిపోవడమే, పొద్దున లేచేసరికి అందరి మెడలూ పట్టేసేవి. పిల్లిని భార్య వాళ్ళ అన్నగారింటికి సంచిలో పంపారు. భార్య మొహానికి రాసుకునే పౌడరు గోడ అవతల పడింది. ఆయన స్వయంగా, పెళ్ళాం ఎన్నాళ్ళు పోరినా మానని సిగరెట్టుని ఆ పూటే మానేశాడు. "నేను చెబితే మానలేదుగా," అని ఆవిడ దెప్పిపొడిచింది గానీ, లోలోపల సంతోషపడింది.

"ఒరేయ్, నేనూ దుమ్ముపట్టిన ముసలిదాన్నే. నన్నెప్పుడు గెంటేస్తావు?" అని అడిగింది తల్లి.

"నువ్వు కదలకుండా కూర్చో అమ్మా, లేవకపోతే చాలు," అన్నాడు తడిగుడ్డతో గోడ తుడుస్తూ.

ఇంత చేసినా ఈల ఆగలేదు. మందు పీల్చినప్పుడు కాస్త నెమ్మదించినట్టే ఉంటుంది, మళ్ళీ మామూలే. పిల్ల నాలుగడుగులు పరుగెత్తితే ఆయాసపడి గోడ పట్టుకుని నిలబడుతోంది. తిండి తగ్గింది, మొహం పీక్కుపోయింది. రెండోసారి వెళితే డాక్టరమ్మ చాలాసేపు విని, కనుబొమలు ముడిచింది.

"చప్పుడు కుడివైపే ఎక్కువగా ఉందండీ. జలుబైతే రెండువైపులా ఉండాలి. మళ్ళీ అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. నోట్లో ఏమైనా..."

"దేవుడి మీద ఒట్టు డాక్టరమ్మా, మా పిల్ల అలాంటిది కాదు."

ఎక్స్‌రే తీయిస్తే ఏమీ కనబడలేదు. చూశారా అన్నట్టు నిలబడ్డాడు మేస్త్రి. ఎక్స్‌రేలో కనబడనివి కూడా ఉంటాయనీ, పెద్దాసుపత్రిలో ఒకసారి చూపించుకోమనీ డాక్టరమ్మ అంది. "ఒక్క వారం చూడండి. ఇల్లు ఖాళీ చేసేస్తున్నా. దుమ్ము రేణువు మిగిలితే అడగండి," అన్నాడు. ఆవిడ వద్దంటున్నా వినలేదు. మొండితనంలో మంచిదీ చెడ్డదీ అని రెండు రకాలుంటాయి. తనది ఏ రకమో ఉన్నవాడికి తెలియదు, అదే ఇబ్బంది.

అన్నంతపనీ చేశాడు. వీధి చివర మూతబడిన దుకాణం ఒకటి అద్దెకి తీసుకుని, బల్లలూ బట్టల తానులూ స్పాంజి చుట్టలూ మేకుల డబ్బాలూ అన్నీ తోపుడుబండి మీద వేసి తరలించేశాడు. ముందుగది కడిగి, ఆరబెట్టి, మళ్ళీ కడిగాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ గదిని ఖాళీగా చూసింది లేదు పిల్ల. గుమ్మంలో నిలబడి, "నాన్నా, నేను నీతో రానా?" అంది.

"అక్కడ దుమ్ము తల్లీ. నువ్వు ఇంట్లోనే ఉండాలి."

"మరి ముడతలెవరు చూస్తారు?"

మేస్త్రి విసవిసా నడిచి వెళ్ళిపోయాడు. కొత్త దుకాణంలో ఆయన చేతికి పని సాగలేదు. పీట ఉండే చోటు వైపు మాటిమాటికీ కళ్ళు పోయేవి.

వారం తిరగకుండానే పిల్లకి జ్వరం వచ్చింది. ఎక్కువేం కాదు, ఒళ్ళు వెచ్చగా ఉందంతే. కానీ పిల్లని పడుకోబెట్టి వచ్చిన భార్య మొహంలో రక్తం లేదు. "ఇంకేం కడుగుతారండీ?" అంది. "ఈ ఇంట్లో ఇక కడగడానికి మనమే మిగిలాం."

ఆ మాట ములుకులా గుచ్చుకుంది. దుకాణానికి వెళ్ళాడే గానీ కుదురుగా కూర్చోలేక, సగం బిగించిన కుర్చీని అలాగే వదిలేసి పట్టపగలే ఇంటికొచ్చేశాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తూ ముందుగదిలోకి చూశాడు.

ఖాళీగది మధ్యలో చిట్టిమేస్త్రి దుకాణం తెరిచి కూర్చుంది. బోర్లించిన అట్టపెట్టె సోఫా, దాని మీద పాత తువ్వాలు. ఎడమచేత్తో తువ్వాలుని బిగలాగి పట్టుకుంది. కుడిచేతిలో చెక్క గరిటె. బుగ్గ ఒకవైపు కాస్త ఉబ్బి ఉంది. నాలుకతో ఏదో తిప్పింది. పెదాల మధ్యకి నల్లటి కొస ఒకటి వచ్చింది. గరిటెని పెదాల దగ్గరికి తెచ్చి, దాన్ని ఎంగిలి తడికి అంటించుకుని, తువ్వాలు మీద పెట్టి టక్కున కొట్టింది. అచ్చం తండ్రే. ఆయన కూనిరాగంతో సహా.

మేస్త్రి గుమ్మంలోనే ఆగిపోయాడు. నోటిదాకా వచ్చిన కేకని పళ్ళు బిగించి ఆపుకున్నాడు. నోట్లో అవి ఉండగా పిల్ల ఉలిక్కిపడితే ఏమవుతుందో ఆయనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? మెల్లగా వచ్చి ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. అరచెయ్యి చాపాడు.

"మేస్త్రిగారూ, నోట్లోవి ఇందులో పెట్టండి. బేరం మాట్లాడాలి."

పిల్ల బుద్ధిగా వంగి ఉమ్మేసింది. పుచ్చకాయ గింజలు. మేస్త్రి తల్లి కడిగి కిటికీలో ఆరబెట్టుకుని, తీరిగ్గా ఒలుచుకు తినే గింజలు. నల్లగా, ఒక కొస సన్నగా, ఒక కొస గుండ్రంగా, చిన్నమేకులకి తోబుట్టువుల్లా ఉన్నాయి.

"మేకులు కాదు నాన్నా," అంది పిల్ల కంగారుగా. "మేకులు ముట్టుకోలేదు. నువ్వు వద్దన్నావుగా."

"అవునమ్మా, వద్దన్నాను." గింజల మీద గుప్పిట మూశాడు. "నువ్వు ముట్టుకోలేదు. మంచిదానివి. ఎప్పట్నుంచి చేస్తున్నావు ఈ పని?"

"ఎర్రసోఫా ఉన్నప్పట్నుంచి. నువ్వు ముందు కొట్టేవాడివి, నేను దాని వెనక కొట్టేదాన్ని."

ఎర్రసోఫా. పెద్ద భారీ సోఫా, వాళ్ళ గదిలో సగం ఆక్రమించింది. అది వెళ్ళిన మర్నాడే పిల్ల దగ్గు పెరిగిందని డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

"గింజ ఎప్పుడైనా మింగేశావా?"

"మింగలేదు." పిల్ల తల వంచుకుంది. కాసేపు తువ్వాలు సర్దింది. "ఒకటి ఇటు పోయింది," అంటూ మెడ కింద, ఛాతీ మీద వేలు పెట్టి చూపించింది. "నువ్వు పెద్ద సుత్తితో కొట్టావు, నేను ఉలిక్కిపడ్డాను. చాలా దగ్గొచ్చింది. మళ్ళీ బయటికి రాలేదు. అందుకే ఇప్పుడు వెనక్కి వాలకుండా పెట్టుకుంటున్నా."

వంటగది గుమ్మంలో నిలబడి ఇదంతా విన్న భార్య చేతిలో గిన్నె జారిపోయింది. "ఆ రోజు నీళ్ళు పొలమారాయనుకున్నానండీ," అంది. "అదే డాక్టరమ్మతో చెప్పబోయాను."

"చెప్పబోతే నేను నోరు నొక్కేశాను," అన్నాడు మేస్త్రి. "పద."

డాక్టరమ్మ గదిలో ఆయన కుర్చీలో కూర్చోలేదు. "మీరు రెండుసార్లు అడిగారు. రెండుసార్లూ నేను తప్పు చెప్పాను," అన్నాడు, బయట వరసలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా. "పుచ్చగింజ. కుడివైపు ఉంటుంది."

ఆవిడ ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. ఆ మంచితనమే మేస్త్రికి చెంపదెబ్బలా తగిలింది. అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి ఫోన్ చేసి, "ఇక్కణ్ణుంచి పిల్ల నోట్లో నీళ్ళచుక్క కూడా పొయ్యకండి. మత్తిచ్చి, సన్నటి గొట్టం లోపలికి దింపి తీయాలి. కడుపు ఖాళీగా ఉండాలి," అని చెప్పి పంపించింది.

పెద్దాసుపత్రిలో కిటికీ వెనక గుమస్తా తల ఎత్తకుండానే, గొట్టం దింపే డాక్టరుగారు చూసే రోజు అయిపోయిందనీ, వచ్చేవారం రమ్మనీ అన్నాడు. ఎవరితో అంటున్నాడో పాపం ఆయనకి తెలియదు.

"ఆయన ఎక్కడున్నారు?" అన్నాడు మేస్త్రి.

"లోపల. కానీ..."

"బయటికొస్తారుగా. ఇక్కడే ఉంటాం."

"ఇక్కడ నిలబడకూడదండీ."

"అయితే అక్కడ నిలబడతాం."

పక్కకి జరగమంటే పక్కకి జరిగాడు. వెనక్కి వెళ్ళమంటే వెనక్కి వెళ్ళాడు. బయటికి మాత్రం వెళ్ళలేదు. ఎవర్నీ కసరలేదు, గొంతు పెంచలేదు. తెల్లకోటు వేసుకుని ఎవరు తలుపు తీసినా పిల్లని ఎత్తుకుని ఎదురెళ్ళి, "ఊపిరిగొట్టంలో గింజ ఉందండీ. మా డాక్టరమ్మ ఫోన్ చేశారు," అనేవాడు. మందులు పంచేవాడికీ చెప్పాడు, నేల తుడిచే ఆవిడకీ చెప్పాడు. చివరికి ఆ ఆవిడే లోపలికి వెళ్ళి ఎవరికి చెప్పిందో, మెడలో గొట్టం వేసుకున్న పెద్దమనిషి ఒకాయన బయటికొచ్చి, అక్కడే నిలబడి పిల్ల వీపు విన్నాడు. కుడివైపు విన్నాడు, ఎడమవైపు విన్నాడు, మళ్ళీ కుడివైపుకొచ్చాడు.

"ఎక్స్‌రేలో ఏమీ లేదు కదా. గింజేనని అంత గట్టిగా ఎలా చెబుతున్నారు?"

"ఇన్నాళ్ళూ కాదని గట్టిగా చెప్పింది కూడా నేనేనండీ," అన్నాడు మేస్త్రి. "నా మాట నమ్మొద్దు. పిల్లని అడగండి."

ఆయన వంగి పిల్లని అడిగాడు. పిల్ల తండ్రి మొహంలోకి చూసింది. "చెప్పమ్మా," అన్నాడు మేస్త్రి. అప్పుడు చెప్పింది, ఛాతీ మీద వేలు పెట్టి, ఎర్రసోఫా దగ్గర్నుంచీ. పెద్దమనిషి నిటారుగా లేచి, "గది సిద్ధం చెయ్యండి," అన్నాడు వెనక ఉన్నవాళ్ళతో.

పిల్లని లోపలికి తీసుకెళ్ళారు. తలుపు మూసుకున్నాక మేస్త్రికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు. పనిలేకుండా కూర్చోవడం ఆయనకి పుట్టుకతో రాదు. భార్య పక్కన బల్ల మీద కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఆ తలుపునే చూశాడు. భయమేసింది. ఇన్నాళ్ళూ చీపురూ బకెట్టూ పట్టుకుని పరుగెత్తడంలో ఆ భయాన్ని దగ్గరికి రానివ్వలేదు, ఇప్పుడు అంతా ఒక్కసారే వచ్చి మీద పడింది. భార్య చెయ్యి వెతికి పట్టుకున్నాడు. ఆవిడ ఆ చేతిని విదిలించలేదు. విదిలించినా తప్పులేకపోయేది.

తలుపు తెరుచుకుంది. "వచ్చేసిందండీ," అన్నాడు డాక్టరు. "నాని ఉబ్బింది, చుట్టూ వాచింది. ఇంకొన్నాళ్ళు ఉంటే ఆ వైపు ఊపిరితిత్తి పాడయ్యేది. రెండు రోజులు ఇక్కడే ఉంచుకుని మందులిస్తాం."

భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. మేస్త్రి ఆయనకి దణ్ణం పెట్టాడు.

పిల్ల కళ్ళు తెరిచేసరికి గదిలోకి ఎండ ఏటవాలుగా పడుతోంది. మేస్త్రి మంచం పక్కన వంగి, దుప్పటి కాస్త తొలగించి, వీపుకి చెవి ఆనించాడు. ఈల లేదు. ఊపిరి లోపలికి వెళ్ళి బయటికి వస్తోంది, అంతే. అలాంటి మామూలు చప్పుడు కోసం ఇంత కొట్టుకున్నాడు.

"ఎందుకమ్మా ముందే చెప్పలేదు?" అన్నాడు, పిల్ల నుదుటి మీద వెంట్రుకలు తోస్తూ. "నేను కొడతానని భయమేసిందా?"

"ఊహూ." గొంతు బొంగురుపోయి మాట కష్టంగా వచ్చింది. "చెబుదామనుకున్నా. నువ్వు డాక్టరమ్మతో ముందే చెప్పేశావుగా, మా పిల్ల నోట్లో ఏమీ పెట్టుకోదూ అని. నేను పెట్టుకున్నానంటే నువ్వు అబద్ధం చెప్పినట్టు అవదా?"

మేస్త్రి పిల్ల చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని దాని మీద మొహం ఆనించుకున్నాడు. ఆ చెయ్యి తడిసిపోయింది.

"ఈసారి నేను తప్పు చెబితే, అక్కడికక్కడే, అందరి ముందూ చెప్పెయ్," అన్నాడు చివరికి. "నా మాట పోతే పోనీ తల్లీ."

చిట్టిమేస్త్రి సరేనన్నట్టు తల ఊపి, మంచినీళ్ళు ఎప్పుడిస్తారని అడిగింది.